సాంటోరిని చూడకుండా గ్రీసు నుంచి తిరిగి రావచ్చా? ఐదుగురం, ఏడు రాత్రులు, తలకు 650 యూరోలు

రైన్‌గట్టు

అందరికీ నమస్తే. బీటెక్‌లో నాలుగేళ్లు ఒకే హాస్టల్‌లో ఉన్న ఐదుగురం. ఇప్పుడు ముగ్గురం జర్మనీలో, ఒకడు నెదర్లాండ్స్‌లో, ఒకడు డబ్లిన్‌లో. చదువులయ్యాక అందరం ఒకచోట కలవడం ఇదే మొదటిసారి. సెప్టెంబరు రెండో వారంలో గ్రీసు దీవులకు వెళ్దామని అనుకున్నాం. విమానంతో కలిపి తలకు 650 యూరోలు. దానికి మించితే ఇద్దరు రాలేరు, వాళ్లింకా మాస్టర్స్ చేస్తూ పార్ట్‌టైమ్ జీతం మీద నెట్టుకొస్తున్నారు.

వారమంతా నాక్సోస్‌లోనే ఉందామని ముగ్గురం అంటున్నాం. మూడు రాత్రులైనా సాంటోరినిలో ఉండాల్సిందేనని మిగతా ఇద్దరు. "గ్రీసు వెళ్లానని చెప్తే మా అమ్మ ఆ తెల్ల ఇళ్లు, నీలం గోపురాలే అడుగుతుందిరా, ఏం చూపించను?" అంటాడు ఒకడు. నాలుగు రోజులుగా గ్రూపులో ఇదే వాదన, నిన్న ఒకడు అలిగి మాట్లాడటం మానేశాడు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఎటు మొగ్గాలి?

ఏథెన్స్ వాకిలి

తమ్ముడూ, ఆరేళ్లుగా ఏథెన్స్‌లో ఉంటున్నాను. నేనైతే వారమంతా నాక్సోస్ అనే చెప్తాను.

డబ్బు సంగతి తర్వాత, ముందు రోజుల లెక్క చూడు. దీవి మారిన ప్రతిసారీ ఒక రోజు పోయినట్టే. పొద్దున గది ఖాళీ చెయ్యాలి, ఫెర్రీ వచ్చేదాకా సామాన్లేసుకుని రేవులో ఎండన పడి కూర్చోవాలి, అవతల దిగాక బస్సు పట్టుకోవాలి, మధ్యాహ్నం దాటితే గానీ కొత్త గది తాళం చేతికి రాదు. ఏడు రాత్రుల్లో రాకపోకలకే రెండు రోజులు పోతాయి కదా, ఇంకోటి కూడా దీవులు మారడానికి పోగొట్టుకుంటారా?

నాక్సోస్ సైక్లడీస్ అనే దీవుల గుంపులో అన్నిటికన్నా పెద్ద దీవి, 430 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. పొలాలున్న దీవి. బంగాళాదుంపలు, ఆవుపాలతో చేసే గ్రావియెరా చీజ్ అక్కడివి గ్రీసంతటా పేరున్నవి. టూరిస్టుల కోసం కాకుండా ఊళ్లోవాళ్లు తాము తినడానికి నడుపుకునే హోటళ్లు ఇంకా ఉన్నాయి, అందుకే తిండి ధర చేతికందుతుంది. రేవు పక్కనే చిన్న తిప్ప మీద పోర్టారా ఉంటుంది. క్రీ.పూ. 530 ప్రాంతంలో అపోలోకి గుడి మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తే మిగిలిన పాలరాతి ద్వారబంధం అది. గోడల్లేవు, కప్పు లేదు, మూడు బండరాళ్లు మాత్రం ఆకాశానికి ఎదురుగా నిలబడి ఉంటాయి. పొద్దుగూకే వేళ ఆ ద్వారంలోంచి చూస్తే తెల్లటి ఊరంతా అందులో పటం కట్టినట్టు కనిపిస్తుంది. టికెట్ లేదు. మీ వాడి అమ్మగారికి ఆ ఫొటో పంపమను.

లోపలి ఊళ్లకు కేటీఈఎల్ అనే ప్రాంతీయ బస్సులు వెళ్తాయి. ఫ్లెరియో దగ్గర తోటల మధ్య కాలు విరిగిన రాతి విగ్రహం ఒకటి వెల్లకిలా పడి ఉంది. ఇరవై ఆరు వందల ఏళ్ల కిందట చెక్కుతూ చెక్కుతూ విరిగితే అక్కడే వదిలేశారు. దానికీ టికెట్ లేదు. ఓపికుంటే జాస్ కొండ ఎక్కండి, వెయ్యి మీటర్లు, సైక్లడీస్‌లో దాన్ని మించిన శిఖరం లేదు. ఇవన్నీ చేశాక ఈతకి నాలుగు రోజులు మిగులుతాయి.

కాల్డెరా బాట

అక్కా, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ మీరు అక్కడే ఉంటారు, కావాలంటే వచ్చే శనివారం వెళ్లగలరు. ఈ ఐదుగురికి మళ్లీ ఎప్పుడు కుదురుతుంది? ఒకడికి పెళ్లవుతుంది, ఒకడు ఇండియా వెళ్లిపోతాడు. మేమూ ఇలాగే "వచ్చేసారి చూద్దాం" అని ఒకటి వదిలేశాం. ఎనిమిదేళ్లయింది, ఆ వచ్చేసారి ఇంకా రాలేదు. అందుకే గట్టిగా చెప్తున్నా.

సాంటోరిని అంటే ఫొటోలు ఒక్కటే కాదు. క్రీ.పూ. 1600 ప్రాంతంలో అగ్నిపర్వతం పేలి దీవి నడుమ భాగం కూలిపోతే, ఆ గుంటలోకి సముద్రం వచ్చి చేరింది. ఫెర్రీ ఆ గుంటలోకే వెళ్తుంది. మేం డెక్ మీదున్నాం. రెండు పక్కలా ఎరుపు, నలుపు, బూడిదరంగు పొరలు పొరలుగా నిటారు కొండ, పైన అంచు మీద సున్నం చల్లినట్టు ఇళ్లు. మా గుంపులో అందరికన్నా వాగుడుకాయ పది నిమిషాలు నోరు తెరవలేదు.

ఖర్చు తగ్గించే దారులున్నాయి. ఇయా ఊళ్లోనూ, కొండ అంచునా గది తీసుకోకూడదు. పెరిస్సాలో నల్ల ఇసుక తీరం దగ్గర అంతకన్నా చాలా తక్కువకి దొరుకుతాయి, అక్కణ్నుంచి దీవి ముఖ్యపట్టణం ఫిరాకి బస్సుంది. ఫిరా నుంచి ఇయాకి కొండ అంచు వెంబడే కాలిబాట, పది కిలోమీటర్లు, పైసా ఖర్చు లేదు. ఇక అక్కడి ఫావా! పచ్చి బఠాణీ పప్పులాంటి పసుపు గింజని మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసిస్తారు. ముద్దపప్పు తిని పెరిగినవాళ్లకి ప్రాణం లేచొస్తుంది.

లిఫీ ఒడ్డు

డబ్లిన్ నుంచి రాస్తున్నా. దీవి సంగతి తర్వాత, ముందు మీ డబ్లిన్ స్నేహితుడి మాట అడుగుతా. జర్మనీ, నెదర్లాండ్స్ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న మీ నలుగురూ నేరుగా గ్రీసు వెళ్లిపోవచ్చు. ఐర్లండ్ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో, లేదు. అతనిది ఇండియన్ పాస్‌పోర్టే అయితే ఐరిష్ పర్మిట్ ఉన్నా వీసా తీసుకోవాల్సిందే. ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జి దానికి అదనం. అంటే అతని 650 బయల్దేరకముందే 560 కన్నా తక్కువ అయింది. ఈ లెక్క మీలో ఎవరైనా వేశారా? మా బ్యాచ్‌లో వెయ్యలేదు. ఆ డబ్బు నేనే పెట్టుకున్నా, అడగడానికి నోరు రాలేదు, ట్రిప్పంతా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ 90 ఐదుగురూ పంచుకోండి. అది అతని సొంత ఖర్చు కాదు, అందరూ కలవడానికయ్యే ఖర్చు.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు. వేసవిలో స్లాట్లు దొరకవు, ఇప్పుడే చూడమనండి.

గాలివాటం

సాంటోరిని వైపు ఉన్నవాళ్లకి ఒక్క మాట. మెల్తెమి అని ఉత్తరం గాలి ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో జోరెక్కువ, సెప్టెంబరులోనూ వస్తుంది. ఆ గాలి ఒక స్థాయి దాటితే రేవు అధికారులు ఫెర్రీలని ఆపేస్తారు. ముందు ఆగేవి సాధారణంగా చిన్న స్పీడు బోట్లు.

మేం రెండేళ్ల కిందట నాలుగు రాత్రుల్లో మూడు దీవులు పెట్టుకున్నాం. నాలుగో రోజు పొద్దున రేవుకి వెళ్తే ఎండ ఫెళ్లున కాస్తోంది, మబ్బు తునకైనా లేదు, ఫెర్రీ మాత్రం రద్దు. టికెట్ డబ్బు తిరిగిచ్చారు. మర్నాడు ఏథెన్స్‌లో ఎక్కాల్సిన విమానం పోయింది, దాని డబ్బు ఎవరిస్తారు? తలకు 210 యూరోలు పెట్టి కొత్త టికెట్లు కొన్నాం. ఎన్ని ఫెర్రీలు ఎక్కితే అంత ప్రమాదం. ఏ దీవికి వెళ్లినా చివరి రాత్రి ఏథెన్స్‌లోనే పడుకోండి. ఏథెన్స్ ఫెర్రీలు ఆగే పిరెయస్ రేవు నుంచి ఎయిర్‌పోర్టుకి ఇప్పుడు నీలం మెట్రో నేరుగా ఉంది, 9 యూరోలు.

కాల్డెరా బాట

గాలి మాట ఒప్పుకుంటా, వెళ్లినప్పుడు మాకు అడ్డు రాలేదు. అయినా గాలికి భయపడి ఇంట్లో కూర్చుంటే ఏ దీవికీ వెళ్లలేం కదండీ.

ఉప్పుటేరు

నేను ఇంకో వైపు నుంచి చెప్తాను. సాంటోరినికి క్రూయిజ్ ఓడల్లో వచ్చే జనాన్ని రోజుకి 8,000కి కట్టడి చెయ్యాల్సి వచ్చిందంటే ఆ చిన్న దీవి మీద ఎంత బరువు పడుతోందో ఆలోచించండి. ఇళ్లన్నీ టూరిస్టు అద్దెలకి పోయి, బడికి బదిలీ మీద వచ్చిన టీచర్లకి అద్దె ఇల్లు దొరకని పరిస్థితి. మన కోనసీమలో ఊరి కాలవగట్టంతా రిసార్టులకి రాసిచ్చేసి, ఊళ్లోవాళ్లని దూరం పొమ్మంటే మనం ఊరుకుంటామా? 2023 వేసవిలో నాక్సోస్ పక్క దీవి పారోస్ జనం తువ్వాళ్లు పట్టుకుని బీచిల మీద ఊరేగారు, కుర్చీల వ్యాపారులు ఇసుకంతా ఆక్రమించారని. గ్రీసులో సముద్రతీరం చట్టప్రకారం అందరిదీ. కాబట్టి కుర్చీకి డబ్బు కట్టనక్కర్లేదు, మీ తువ్వాలు మీరు పరుచుకోండి. నాక్సోస్‌లో ప్లాకా తీరం కిలోమీటర్ల పొడవు, చోటుకి కొదవ లేదు.

ఇంకొకటి. నాలుగు చక్రాల క్వాడ్ బళ్లు అద్దెకిస్తామని రేవులోనే వెంటపడతారు. ఇండియన్ లైసెన్సుతో అయితే ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి. లేకుండా నడిపి పడితే ఇన్సూరెన్సు చేతులెత్తేస్తుంది. మా తమ్ముడు కంకర మలుపులో పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. బస్సెక్కండి నాయనా.

రైన్‌గట్టు

అందరికీ చాలా థాంక్స్. రాత్రి ఐదుగురం వీడియో కాల్‌లో కూర్చుని కాగితం మీద లెక్క వేశాం. ఒక్కొక్కరికి: విమానం 180. మామూలు ఫెర్రీ రానూపోనూ 100. నాక్సోస్‌లో ఆరు రాత్రులు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ 156. ఏథెన్స్‌లో చివరి రాత్రి 30. తిండి రోజుకి 25 చొప్పున 175. మొత్తం 641. అపార్ట్‌మెంట్‌కి రాత్రికి 8 యూరోల పన్ను వేరే కట్టాలట, అది తలకు పది. అక్కడికే 651 అయింది. మెట్రో, బస్సులు, డబ్లిన్‌వాడి వీసా వాటా దీంట్లో లేవు. తిండి రోజుకి 18కి దించితే గానీ కుదరదు. పొద్దున, మధ్యాహ్నం మనమే వండుకుని రాత్రికి ఒక్కపూట బయట తిందామని అనుకున్నాం. వీసా ఫీజు ఐదుగురం పంచుకుంటున్నాం. లిఫీ ఒడ్డు అన్నా, మీరు చెప్పకపోతే మాకు తట్టేదే కాదు. వాడు ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదు.

సాంటోరిని ఈ లెక్కలో పట్టలేదు. అలిగినవాడు కాగితం చూశాక "సరే, నాక్సోస్" అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడా అంటే చెప్పలేను.

కాల్డెరా బాట

నా మాట మారదు తమ్ముడూ, ఇంకో రెండు నెలలాగి అయినా కాస్త కూడబెట్టుకుని రెండూ చూడమంటాను. కానీ 651 దగ్గర తిండి తగ్గించుకునేవాళ్లని ఇంకో ఫెర్రీ ఎక్కమనలేను. అలిగిన అబ్బాయితో నా మాటగా చెప్పు, నాక్సోస్‌లోనూ తెల్ల ఇళ్లున్నాయని.

ఏథెన్స్ వాకిలి

అతనికి ఒక పని అప్పజెప్పు తమ్ముడూ. పోర్టారా దగ్గర సాయంత్రం ఫొటో అతనిది, ఏ రోజు ఎప్పుడు వెళ్లాలో అతనే చెప్పాలి.

వండుకుంటే నాక్సోస్ బంగాళాదుంపలే కొనండి, వేపుడుకి అంతకన్నా మంచివి నేను ఈ దేశంలో చూడలేదు. ఆవకాయ సీసా చేతి సంచిలో పెట్టుకోవద్దు, సెక్యూరిటీలో తీసేసే అవకాశం ఉంది. ఫెర్రీలో కింద బళ్లు ఆపే చోటే సామాను అరలు, ఒక్కో అర మీద ఒక్కో దీవి పేరు రాసి ఉంటుంది. నాక్సోస్ అరలోనే పెట్టండి. రేవు వస్తోందని మైకులో చెప్పగానే కిందికి దిగి నిలబడాలి. ఓడ వెనకభాగం వంతెనలా కిందికి వాలుతుంది, చెయిన్ల చప్పుడు, డీజిల్ వాసన, ఎండ ఒక్కసారిగా మీదపడతాయి. పట్టుమని పది నిమిషాలు కూడా ఆగదు, ఐదుగుర్నీ లెక్కపెట్టుకుని దిగండి. వీసా చేతికొచ్చేదాకా మాత్రం రద్దుకి వీల్లేని టికెట్ ఏదీ కొనకండి.

రైన్‌గట్టు

మే 19కి స్లాట్ దొరికింది అక్కా, ఇప్పుడే మెసేజ్ పెట్టాడు.