నూలు మిల్లు కరెంట్ రేషియోను ఎంతవరకు నమ్మవచ్చు?

నాన్నగారి పదవీ విరమణ సొమ్ముతో షేర్లు కొనే ముందు ఒక నూలు మిల్లు వార్షిక నివేదికను పరిశీలిస్తున్నాను. మార్చి 31 నాటికి ప్రస్తుత ఆస్తులు (ఏడాదిలోపు నగదుగా మారేవి) రూ.84 కోట్లు, ప్రస్తుత అప్పులు (ఏడాదిలోపు తీర్చాల్సినవి) రూ.40 కోట్లు కనుక ఆస్తులను అప్పులతో భాగిస్తే కరెంట్ రేషియో 2.1 వస్తోంది, కానీ ఆ ఆస్తుల్లో రూ.60 కోట్లు సరుకు నిల్వలే కావడంతో, వాటిని తీసివేస్తే క్విక్ రేషియో 0.6కు పడిపోతోంది. పత్తి ప్రధానంగా అక్టోబరు నుంచి మార్చి వరకు మార్కెట్‌కు వస్తుంది కాబట్టి మిల్లులు సీజన్‌లోనే కొని పెట్టుకోవడం సహజమే. అయితే పోగుపడినది ముడి పత్తా, అమ్ముడుపోని నూలా అన్నదే అసలు విషయమని నాకు తోస్తోంది.

నిల్వల టర్నోవరుకు (ఏడాదిలో సరుకు నిల్వలు ఎన్నిసార్లు అమ్ముడై మళ్లీ నిండాయో చెప్పే లెక్కకు) మార్చి, సెప్టెంబరు నిల్వల సగటు తీసుకోవడం సరైనదేనా? లాభం చూపుతున్నా వ్యాపార కార్యకలాపాల నగదు ప్రవాహం రెండేళ్లుగా మైనస్‌లో ఉండటాన్ని దీనితో కలిపి ఎలా చదవాలి? అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.