ప్రాణం తీయని కిరణాయుధం ఎలా పనిచేస్తుంది?

ప్రశ్న (విద్యార్థి, ఉప్పల్): 2025 ఏప్రిల్‌లో కర్నూలు వద్ద డ్రోన్‌ను కూల్చిన 30 కిలోవాట్ల లేజర్‌ను మన హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల ‘చెస్’ రూపొందించిందని చదివాను. ఇటువంటి శక్తితో మనిషిని చంపకుండా వెనక్కి మళ్లించడం సాధ్యమేనా?

జవాబు (విశ్రాంత ఇంజనీరు, మల్కాజిగిరి): బాబూ, అవి రెండూ వేర్వేరు సాధనాలు. మనిషిని చంపకుండా వెనక్కి మళ్లించడానికి అమెరికావారు చేసిన ‘యాక్టివ్ డినయల్’ అనే సాధనం అసలు లేజరే కాదు. అది పంపే 95 గిగాహెర్ట్జ్ తరంగాలు చర్మంలో అర మిల్లీమీటరైనా దిగవు కనుక, నొప్పిని పసిగట్టే నరాల కొసలున్న పైపొర మాత్రమే క్షణాల్లో వేడెక్కి, కాలిన పెనం తగిలినట్టు మనిషి తనంతట తానే పక్కకు తప్పుకుంటాడు. 2010లో అఫ్గానిస్థాన్‌కు తీసుకెళ్లి, ఒక్కసారైనా వాడకుండానే వెనక్కి తెచ్చారు.

జవాబు (న్యాయవాది, నాంపల్లి): తప్పుకునే దారి లేని గుంపు మాటేమిటండీ? 2007లో పరీక్షలోనే ఒక వైమానిక సిబ్బందికి కాలిన గాయాలయ్యాయి.

విద్యార్థి: మరి కళ్లకు గురిపెట్టే లేజర్లు?

న్యాయవాది: శాశ్వతంగా చూపు పోగొట్టడానికే తయారైనవాటిని 1995 నాటి అంతర్జాతీయ ఒప్పందం (ప్రోటోకాల్) నిషేధించింది. కాసేపు కళ్లు మిరుమిట్లు గొలిపే డాజ్లర్లకు ఆ నిషేధం వర్తించదు. అయితే దూరం బాగా తగ్గితే అవీ కంటికి హాని చేయగలవు, నాకు అసలు చిక్కు అక్కడే కనిపిస్తోంది.