ఆఫీసుకు రమ్మంటున్నరు, ఊర్లె ఉన్నోళ్లు ఏం జేస్తున్నరు?

బత్తాయితోట_నల్గొండ: 2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టంగనే గచ్చిబౌలి రూం ఖాళీ జేసి ఊరికొచ్చిన. ఇప్పుడు వారానికి మూడొద్దులు రావాల్నని మెయిల్ పెట్టిండ్రు. నాయినకు మోకాళ్ల నొప్పులు, తోటకు నీళ్లు నేనే పెడుతున్న. పోనే నూరు కిలోమీటర్ల పైన. రూం తీసుకోవాల్నా? కరెంటు పోతే మీటింగుల మీరెట్ల నెట్టుకొస్తున్నరు?

దేవరకొండ_కోడలు: నాకు ఆఫీసే నయం తమ్మీ. కోడలు ఇంట్ల కూసోని జేసేది పని అని ఎవ్వరనుకోరు. మీటింగుల ఉండంగనే చుట్టాలొచ్చిండ్రు, చాయ్ పెట్టమంటరు. రెండేండ్లు రాత్రి గిన్నెలు తోమినంక మళ్ల ల్యాప్‌టాప్ ముందట కూసున్న. ఆఫీసోళ్లు పిలువంగనే ఎల్బీనగర్ల రూం తీసుకున్నం. బస్సుల కిటికీ పక్కన కూసుంటే ఆ గంట నాది.

జడ్చర్ల_44: రూం తీస్కోకు తమ్మీ. కిరాయి మిగిలితేనే చెల్లె పెండ్లి అప్పు తీర్చిన. నాయిన పేరు మీద కిరాయి రశీదులు పెట్టి హెచ్‌ఆర్‌ఏ (జీతంల ఇచ్చే ఇంటి కిరాయి భత్యం) మీద పన్ను మినహాయింపు గూడ తీసుకున్న.

లెక్కలసారు_మిర్యాలగూడ: గీడ ఆగు. నాయినకు కిరాయి నిజంగ ఇచ్చినవా?

జడ్చర్ల_44: ఇంటి ఖర్చంత నేనే పెట్టిన. అది కిరాయి కాదా?

లెక్కలసారు_మిర్యాలగూడ: కాదు. 17 ఏండ్ల సంది రిటర్నులు వేస్తున్న, నా మాట ఇను. ఇల్లు ఆయనదై ఉండాలె, నువ్వు అండ్ల ఉండాలె, పైసలు ఇచ్చినట్టు రుజువుండాలె, ఆయన దాన్ని తన ఆదాయంల చూపాలె. ఏడాదికి లక్ష దాటితే ఆయన పాన్ నంబరియ్యాలె. కొత్త పన్ను విధానంలనైతే ఈ మినహాయింపే లేదు.

జడ్చర్ల_44: మా టీంల సగం మంది గిట్లనే జేసిండ్రు. నడుమ నీకేం బాధ?

లెక్కలసారు_మిర్యాలగూడ: నోటీసొచ్చినంక నా దగ్గరికే ఉరికొస్తరు. అందుకే బాధ. దొంగ రశీదులు పెట్టుమని పిల్లగానికి నేర్పకు.

జడ్చర్ల_44: దొంగ అన్నవంటే మర్యాద దక్కది.

సూర్యాపేట_65: ఇద్దరు ఆపుండ్రి. రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకో తమ్మీ, కరెంటు పోయినా నెట్ ఆగది.

వనపర్తి_పోరడు: అసలు మనమెందుకు పోవాలె? మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిల, నల్గొండల 2023లనే ఐటీ టవర్లు తెరిచిండ్రు. కంపెనీలను ఆడికే రమ్మనాలె. పాలమూరోళ్లు బొంబాయి దాక వలస పోయిండ్రు, చదువుకున్నోళ్లం గూడ వలసేనా?

నారాయణపేట_బిడ్డ: వలసతోని పోల్చకు. మా తాత బొంబాయిల మట్టి మోసిండు. లాక్‌డౌన్ల పిల్లలను సంకనేసుకొని నడిచొచ్చినోళ్లు వేరు, జీతం ఆగకుండ ఇంటికొచ్చిన మనం వేరు. ఆ మాట రాసేముందు ఒక్కసారి ఆలోచన జెయ్యాలె.

వనపర్తి_పోరడు: నొప్పించిన్నా అక్కా, తప్పైంది. కానీ టవర్ మాట మాత్రం ఇడువ.

బత్తాయితోట_నల్గొండ: దేవరకొండ అక్కా, మా ఇంటామె గూడ ఇంటి నుంచే పని జేస్తది. మొదలు ఆ ముచ్చటే రాయలె నేను. నీ పోస్టు చూపిస్తే సదివి ఏం మాట్లాడలె. రాత్రి అడిగితే చెప్పింది, ఆమెకు గూడ పట్నంల రూమే కావాల్నట. తోటకు డ్రిప్ ఏపిస్తున్న, వాల్వు తిప్పుడు నాయినతోని అయితది. శని, ఆదివారాలు నేనొస్త. ఎల్బీనగర్ల రెండు గదుల ఇంటికి కిరాయి ఎంత నడుస్తుంది అక్కా?