గామ్ఫిడే తూనీగ పైకి రావడానికి పుల్ల పెట్టాలా, రాయి పెట్టాలా?

వాగు ఇసుకతో పాటు వచ్చిన ఒక తూనీగ లార్వా నా గాజు తొట్టిలో పెరుగుతోంది. గామ్ఫిడే కుటుంబానిదే అనుకుంటున్నాను. మీసాల్లో నాలుగే ఖండాలు, మూడోది బాగా లావు. ఎరను పట్టే కింది పెదవి చదునుగా ఉంది. లిబెల్లులిడే అనే మరో తూనీగ కుటుంబం వాటికైతే అది గరిటెలా లోతుగా ఉండి మొహాన్ని సగం కప్పేస్తుంది కదా. రోజంతా ఇసుకలో దూరి, పొట్ట చివరి కొస మాత్రం పైకి పెడుతుంది. మొప్పలు పురీషనాళంలో ఉంటాయి కాబట్టి ఊపిరి అటునుంచే!

ఇప్పుడు రెక్కల తొడుగులు ఉబ్బాయి. ఎర కళ్ల ముందే కదిలినా పెదవి విసరట్లేదు. లోపల రూపం మారుతోందని అర్థమైంది గానీ, టెన్షన్ మొదలైంది.

లార్వా నీళ్లలోంచి పైకి వచ్చి, చర్మం విడిచి రెక్కల తూనీగ అవ్వడానికి ఎవర్ని అడిగినా నిటారుగా ఒక పుల్ల గుచ్చమంటున్నారు. కానీ ఈ కుటుంబంలో చాలా జాతులు కాండం ఎక్కకుండా, ఒడ్డున ఇసుక మీదో రాయి మీదో అడ్డంగా ఉండగానే చర్మం విడుస్తాయని చదివాను. అలాంటప్పుడు నీళ్లలోంచి పైకి తేలిన చదునైన రాయి సరిపోతుందా? రెండూ పెడితే దానికి ఇబ్బందా? పైన మూతకి ఎంత ఎత్తు వదలాలి?

ఇంకొకటి. రెక్కలు విచ్చుకున్నాక ఎంతసేపటికి బయట వదలొచ్చు? మెత్తగా ఉన్నప్పుడు ముట్టుకుంటే రెక్క వంకరపోతుందని భయం. విడిచిన చర్మంతో జాతి గుర్తుపట్టగలిగినవాళ్లుంటే, ఏ భాగాలు ఫొటో తీయాలో కూడా చెప్పండి.