సర్వర్‌లెస్ డిప్లాయ్‌మెంట్‌కు సొంత కమాండ్ లైన్ టూల్: అది ముందుగా ఏం చేయాలి?

ప్రశ్న (మియాపూర్ నుంచి)

అందరికీ నమస్కారం. మాదాపూర్‌లో ఐదుగురమే ఉన్న ఒక చిన్న బృందంలో నేను బ్యాకెండ్ పని చూస్తున్నాను. మా ప్రాజెక్టులో పైథాన్‌లో రాసిన 14 లాంబ్డా ఫంక్షన్లు (ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌లో, మనం సర్వర్ చూసుకోకుండానే నడిచే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి. వాటిని ఇంతకాలం ఒక షెల్ స్క్రిప్టుతోనే డిప్లాయ్ చేస్తూ (క్లౌడ్‌కు ఎక్కిస్తూ) వచ్చాం. గత నెలలో ఒక సాయంత్రం, టెస్టింగ్ అకౌంటుకు వెళ్లవలసిన కోడ్‌ను నా చేతులతోనే ప్రొడక్షన్ (అసలు వినియోగదారులు వాడే) అకౌంటుకు పంపించాను. పొద్దున లాగ్‌లు చూడడం కోసం పెట్టుకున్న ప్రొఫైల్ (ఏ అకౌంటులోకి వెళ్లాలో చెప్పే సెట్టింగు) ఆ టెర్మినల్‌లో అలాగే ఉండిపోయింది. స్క్రిప్టు ఏమీ అడగకుండా పని ముగించి "పూర్తయింది" అని చూపించింది. పాత కోడ్ ఏదో గిట్‌లో వెతికి, మళ్లీ జిప్ కట్టి ఎక్కించేసరికి 40 నిమిషాలు గడిచాయి. అంతసేపూ కొత్త ఆర్డర్లు నమోదు కాలేదు.

ఇలాంటిది మళ్లీ జరగకూడదని సొంతంగా ఒక టూల్ రాద్దామనుకుంటున్నాను. అది ముందుగా ఏయే పనులు చేయాలి? వేరే రెండు ఇబ్బందులు కూడా ఉన్నాయి. కోడ్ మార్చిన వెంటనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (కోడ్ బయట నుంచి ఫంక్షన్‌కు ఇచ్చే సెట్టింగులు) మార్చబోతే అప్పుడప్పుడు ఎర్రర్ వస్తోంది, రెండోసారి నడిపితే పోతోంది. ఒక్క ఫంక్షన్‌లో మార్పు చేసినా మొత్తం 14 ఫంక్షన్లూ మళ్లీ అప్‌లోడ్ అవుతున్నాయి.

జవాబు (తార్నాక నుంచి)

మీకు జరిగింది చదివితే, మీ టూల్ చేయవలసిన మొదటి పని డిప్లాయ్ చేయడం కాదనిపిస్తోంది. తాను ఎక్కడ నిలబడి ఉన్నానో తెలుసుకోవడం. టెస్టింగ్‌కు ఒకటి, ప్రొడక్షన్‌కు ఒకటి చొప్పున కాన్ఫిగ్ ఫైల్‌లో అకౌంట్ నంబరు, రీజియన్ (ఏ ప్రాంతపు డేటా సెంటర్లో నడవాలో) రెండూ రాసి పెట్టండి. టూల్ మొదలవగానే ఎస్‌టీఎస్‌ను (ఏ గుర్తింపుతో లాగిన్ అయ్యామో చెప్పే ఏడబ్ల్యూఎస్ సేవను) "నేను ఎవరిని" అని అడిగి, వచ్చిన 12 అంకెల నంబరును ఫైల్‌లోని నంబరుతో పోల్చి, తేడా ఉంటే ఒక్క ఫైల్ కూడా కదలకముందే ఆగిపోవాలి. ప్రొఫైల్ పేరును నమ్మకూడదు, ఎందుకంటే పేరు మనం పెట్టుకున్నది, నంబరు మాత్రం మారనిది. రీజియన్ విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో వచ్చింది. ముంబయి కోడ్‌కూ దాని కోడ్‌కూ తేడా చివరి అంకె ఒక్కటే. కంటితో చూసి పట్టుకోవడం కష్టం.

ప్రొడక్షన్‌కు పంపేటప్పుడు "అవును" అంటే చాలదు, స్టేజ్ పేరును (టెస్టింగా, ప్రొడక్షనా అన్నదాన్ని) పూర్తిగా టైప్ చేయించండి. అలవాటుపడిన వేలు ఎంటర్ నొక్కేస్తుంది కానీ, పేరు రాయాలంటే మనిషి ఒక్క క్షణం ఆగుతాడు. అయితే పైప్‌లైన్‌లో (మనిషి లేకుండా తనంతట తానే డిప్లాయ్ చేసే వ్యవస్థలో) నడిచేటప్పుడు జవాబు చెప్పే మనిషి ఉండడు కాబట్టి, టెర్మినల్ లేనప్పుడు ప్రశ్న వేసి వేలాడకుండా, ప్రత్యేకమైన ఫ్లాగ్ (కమాండ్‌తో పాటు ఇచ్చే ఆప్షన్) ఇస్తేనే ముందుకు సాగి, ఇవ్వకపోతే సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో (అంటే విఫలమైనట్టు చెప్పి) బయటికి రావాలి.

ఇక వెనక్కి వెళ్లడం గురించి. ఆ 40 నిమిషాలు ఖర్చయింది పాత కోడ్‌ను మళ్లీ కట్టడానికి. లాంబ్డాలో ప్రతి డిప్లాయ్‌కూ ఒక వెర్షన్ పబ్లిష్ చేసి, "లైవ్" అనే అలియాస్‌ను (ఒక వెర్షన్‌ను సూచించే మారుపేరును) దాని మీదికి తిప్పితే, వెనక్కి వెళ్లడమంటే అలియాస్‌ను పాత నంబరు మీదికి తిప్పడమే. జిప్‌తో పని లేదు. ఒక చిక్కు మాత్రం గుర్తుంచుకోండి: ఏపీఐ గేట్‌వే (బయటి అభ్యర్థనలను ఫంక్షన్‌కు చేర్చే సేవ) ఆ అలియాస్‌నే పిలవాలి, పిలిచే అనుమతిని కూడా అలియాస్ మీదే ఇవ్వాలి. ఫంక్షన్ మీద ఉన్న పాత అనుమతి అలియాస్‌కు వర్తించదు. నేను ఇక్కడే ఒక పూట పోగొట్టుకున్నాను.

జవాబు (కూకట్‌పల్లి నుంచి)

మీరు చివర్లో చెప్పిన రెండు ఇబ్బందులకూ కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. కోడ్ మార్చమని అడిగితే లాంబ్డా వెంటనే సరే అంటుంది కానీ, మార్పు లోపల ఇంకా జరుగుతూనే ఉంటుంది. ఆ సమయంలో కాన్ఫిగరేషన్ మార్చమంటే రిసోర్స్ కాన్‌ఫ్లిక్ట్ ఎర్రర్ ఇస్తుంది. ఫంక్షన్ వివరాలలో "లాస్ట్ అప్‌డేట్ స్టేటస్" అనే గడి ఉంటుంది. అది "సక్సెస్‌ఫుల్" అయ్యేదాకా ఆగి తరువాతి అడుగు వేయాలి. చాలామంది ఇక్కడ ఐదు సెకన్ల స్లీప్ పెట్టి సరిపెడతారు, దయచేసి అలా చేయకండి. ఏదో ఒక రోజు ఆరో సెకను పడుతుంది.

రెండోది జిప్ సంగతి. జిప్‌లో ప్రతి ఫైల్‌తో పాటు దాని తేదీ, సమయం కూడా నమోదవుతాయి. గిట్ నుంచి కొత్తగా తీసిన ప్రతిసారీ ఆ సమయం మారుతుంది కనుక, కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా హ్యాష్ (ఫైల్‌లో ఉన్నదాని నుంచి లెక్కించే గుర్తింపు విలువ) మారిపోతుంది. ఫైళ్లను పేర్ల వరుసలో పేర్చి, అన్నిటికీ ఒకే తేదీ వేయండి (జిప్ 1980 కన్నా ముందు తేదీని దాచలేదు, అందుకని 1980 జనవరి 1 వేస్తారు), ఫైల్ పర్మిషన్లను కూడా ఒకేలా ఉంచండి, పైథాన్ తయారుచేసే పీవైసీ ఫైళ్లను వదిలేయండి. అప్పుడు మీ జిప్ హ్యాష్‌ను లాంబ్డా చూపించే కోడ్ ఎస్‌హెచ్‌ఏ256తో (తన దగ్గరున్న కోడ్ హ్యాష్‌తో) పోల్చి, ఒకటే అయితే ఆ ఫంక్షన్‌ను దాటిపోవచ్చు. లాంబ్డా ఆ విలువను బేస్64లో ఇస్తుంది, హెక్స్‌తో పోలిస్తే ఎప్పటికీ కలవదు (రెండూ ఒకే విలువను రాసే వేర్వేరు పద్ధతులు).

జవాబు (నాచారం నుంచి)

నేను పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. టూల్ రాయడం రెండు వారాల పని, దాన్ని కాపాడుకోవడం మాత్రం మీరు ఆ ఉద్యోగం మానేసిన తరువాత కూడా మిగిలిపోయే పని. ఏడబ్ల్యూఎస్ వారి సామ్ (సర్వర్‌లెస్ డిప్లాయ్‌మెంట్ టూల్) ఓపెన్ సోర్స్. మార్పుల జాబితాను ముందే చూపించి, ఒప్పుకున్నాకే అమలు చేసే సదుపాయం అందులో ఉంది. ఇలాంటిదే మరో టూల్ అయిన సర్వర్‌లెస్ ఫ్రేమ్‌వర్క్ వైపు చూస్తే, నాలుగో వెర్షన్ నుంచి ఏడాదికి 20 లక్షల డాలర్లకు మించి ఆదాయమున్న సంస్థలు లైసెన్స్ కొనాలన్నది గమనించండి. రోల్స్, క్యూలు, టేబుల్స్ సృష్టించే పనిని క్లౌడ్‌ఫార్మేషన్‌కే (సామ్ వెనుక పనిచేసే ఏడబ్ల్యూఎస్ సేవకే) వదిలి, పైన తార్నాక వారు చెప్పిన అకౌంట్ తనిఖీని మాత్రం సామ్‌కు ముందు నడిచే చిన్న టూల్‌గా రాసుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు (మియాపూర్ నుంచి)

అందరికీ ధన్యవాదాలు. నాచారం వారి మాట ప్రకారం రిసోర్సులను సామ్‌కు అప్పగించాను. తనిఖీ, హ్యాష్ పోలిక, అలియాస్ తిప్పడం మాత్రం నా టూల్ చేస్తుంది. నిన్న కావాలనే టెర్మినల్‌లో ప్రొడక్షన్ ప్రొఫైల్ పెట్టి టెస్టింగ్‌కు డిప్లాయ్ చేయమన్నాను. ఉండవలసిన అకౌంట్, ఉన్న అకౌంట్ రెండు నంబర్లనూ ఒకదాని కింద ఒకటి చూపించి అక్కడే ఆగిపోయింది. ఒక్క సందేహం మిగిలింది: ఇద్దరు ఒకేసారి అలియాస్ తిప్పితే ఎలా?

జవాబు (కూకట్‌పల్లి నుంచి)

అలియాస్ వివరాలు చదివినప్పుడు దానితో పాటు ఒక రివిజన్ ఐడీ వస్తుంది. మార్చేటప్పుడు దాన్నే తిరిగి పంపండి. మధ్యలో ఇంకొకరు మార్చి ఉంటే లాంబ్డా మీ అభ్యర్థనను తిరస్కరిస్తుంది; అప్పుడు మీ టూల్ తనంతట తాను మళ్లీ ప్రయత్నించకుండా, ఇప్పుడు ఏ వెర్షన్ లైవ్‌లో ఉందో చూపించి ఆగిపోవాలి.