బెట్టలో పత్తికి యూరియా వేయాలా, ఆగాలా?

నల్లరేగడి_ఆదిలాబాద్: పత్తి 40 రోజులు దాటింది. రెండో దఫా యూరియా, పొటాష్ వేయాలి. వాన జాడ లేదు, నేల నెర్రెలు బారుతోంది. పక్క చేనోళ్లు తేదీ తప్పొద్దని వేసేశారు. ఏం చేయమంటారు?

పత్తి_పెద్దన్న: వేసెయ్ తమ్ముడూ. వాన పడ్డాక రేగడిలో కాలు పెట్టలేవు, కూలీలూ దొరకరు. మందు ముందే ఉంటే పదును రాగానే మొక్క అందుకుంటది.

ఏజీ_విద్యార్థి: అన్నా, నేను ఒప్పుకోను. యూరియా నేలలో మారితే వచ్చే నైట్రేట్ నీటితో పాటే వేరు దాకా వస్తుంది. భాస్వరం, పొటాష్ అయితే మట్టి రేణువుల చుట్టూ ఉండే సన్నటి తేమ పొరలోంచి మెల్లగా జరగాలి, అదీ మిల్లీమీటర్ల దూరమే. నేల ఎండేకొద్దీ ఆ పొర పలచబడి అక్కడక్కడా తెగిపోతుంది. అప్పుడు బస్తాలు కుమ్మరించినా మొక్కకు ఆకలే. పైగా చిరుజల్లు పడితే యూరియా కరుగుతుంది గానీ లోపలికి దిగదు, అమోనియాగా మారి గాలిలో కలుస్తుంది. రేగడి క్షార నేల కాబట్టి ఆ నష్టం ఇంకా ఎక్కువ. అందాకా లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి.

పత్తి_పెద్దన్న: లెక్క చూడు. ఎకరాకు 200 లీటర్లు కొడితే పడేది 4 కిలోల యూరియా. అందులో నత్రజని రెండు కిలోలు కూడా లేదు. 45 కిలోల బస్తాలో 20 కిలోల పైనే ఉంటది. దాంతో కాయ నిలుస్తదా?

ఏజీ_విద్యార్థి: నిలవదు, నిజమే. పిచికారీ వాన పడేదాకా మొక్కను నిలబెట్టడానికే. అసలు ముందు తవ్వి చూడాలి. రేగడి పైన నెర్రెలిచ్చినా జానెడు లోతున తడి ఉండొచ్చు. ఆ మట్టి పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టిందా, పొడిగా రాలిందా?

నల్లరేగడి_ఆదిలాబాద్: ఇప్పుడే తవ్వాను. పైన నాలుగు వేళ్ల మందం పొడి, కింద ముద్ద కడుతోంది.

ఏజీ_విద్యార్థి: అయితే మొదలుకు ఆనకుండా జానెడు దూరంలో కర్రతో ఆ తడి దాకా గుంత చేసి, కొద్దికొద్దిగా వేసి మట్టి కప్పండి. మొక్క మొదలు దగ్గరే ముద్దగా పడితే ఉప్పు పెరిగి, వేరు ఉన్న నీళ్లు కూడా లాక్కోలేదు.

పత్తి_పెద్దన్న: గుంత తీసి వేయడానికి నాకు అభ్యంతరం లేదు. కింద కూడా తడి లేని చెల్కల్లో, అంటే తేలికపాటి ఎర్ర నేలల్లో ఎట్లా మరి? పొటాష్ గాలికి పోయేది కాదు కదా, అదన్నా ముందే వేసుకుంటే కూలి కలిసొస్తది.

ఏజీ_విద్యార్థి: పొటాష్ వరకు సరే అన్నా. చెల్కలో యూరియా మాత్రం మంచి వాన పడ్డాకే, అదీ చేలో నిలిచిన నీళ్లు తీసేశాక. నీళ్లు నిలిస్తే గాలాడక వేరు పనిచేయదు, నత్రజనీ వాయువై పోతుంది.