ఐ20 ఎన్ లైన్: మన ట్రాఫిక్‌కి డీసీటీ తట్టుకుంటుందా, మాన్యువలే మేలా?

మంజీర_తీరం

2023 సెప్టెంబరులో మార్పులతో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కారు గురించి ఈ ప్రశ్న. ఇంజిన్ ఒకటే: 998 సీసీ, మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్, 6000 ఆర్‌పీఎం దగ్గర 120 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), 1500 నుంచి 4000 ఆర్‌పీఎం దాకా 172 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). గేర్‌బాక్సులే రెండు, 6 గేర్ల మాన్యువల్, 7 గేర్ల డీసీటీ (రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్). 2023లో వచ్చినప్పుడు షోరూం ధరలో తేడా లక్ష పైచిలుకు. వాడకం వారంలో ఐదు రోజులు హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి రాయదుర్గం, నెలకోసారి శ్రీశైలం. డీసీటీలో ఉండేది డ్రై క్లచ్ కాబట్టి ట్రాఫిక్‌లో కాలిపోతుందని కొందరు, ఆ గేర్‌బాక్స్ లేకపోతే ఈ బండి కొనడమే దండగని ఇంకొందరు. కారణం చూపించి చెప్పండి. "బాగుంది", "బాగాలేదు" అని వదిలేస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

షెడ్డు_మాట

మాన్యువల్ తీసుకోండి. ఎందుకో చెప్తాను.

రేస్ ఇవ్వకుండా, ఐడిల్ మీద ఫస్ట్ గేర్‌లో క్లచ్ పూర్తిగా పట్టుకుంటే ఈ సైజు బండి గంటకు సుమారు 7 కి.మీ. వేగంతో కదులుతుంది. అంతకంటే మెల్లగా పోవాలంటే క్లచ్ జారాల్సిందే, మనవాళ్లు హాఫ్ క్లచ్ అనేది దాన్నే. కేపీహెచ్‌బీ దగ్గరో, బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గరో సాయంత్రం ఏడింటికి బండ్లు కదిలేది అంతకంటే మెల్లగానే. మాన్యువల్‌లో ఎప్పుడు జారించాలో మీ కాలు నిర్ణయిస్తుంది. ముందు బండి రెండడుగులు జరిగితే మీరు కదలకుండా ఊరుకోవచ్చు, లేదా క్లచ్ పూర్తిగా తొక్కి దొర్లించుకోవచ్చు. డీసీటీలో బ్రేక్ కాస్త వదలగానే కంప్యూటర్ క్లచ్‌ని పట్టించడం మొదలెడుతుంది. మీరు సగం బ్రేక్ మీద పాకిస్తున్నంతసేపూ లోపల ప్లేటు రాసుకుంటూనే ఉంటుంది.

డ్రై క్లచ్ అంటే దాని చుట్టూ ఆయిల్ ఉండదు. వేడి పోవడానికి గాలి ఒక్కటే ఆధారం, ఆగి ఉన్న బండికి ఆ గాలి కూడా సరిగా అందదు. వేడి మితిమీరితే ప్లేటు ముఖం నున్నగా మెరుపు తేలుతుంది, ఆ తర్వాత కదిలే ప్రతిసారీ బండి వణుకుతుంది. డీసీటీలో బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకీ రివర్స్‌కీ ఇంకొకటి. ఏది పోయినా జత మొత్తం మార్చాలి, మార్చాక స్కానర్ పెట్టి క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో గేర్‌బాక్స్‌కి మళ్లీ నేర్పాలి. మాన్యువల్ అయితే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మారిస్తే సరి. మంచి షెడ్డులో ఒక రోజు పని.

రింగురోడ్డు

షెడ్డు గారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ అది డీసీటీని తప్పుగా నడిపితే జరిగే సంగతి. బ్రేక్ గట్టిగా తొక్కి ఉంచితే రెండు క్లచ్‌లూ విడిపోయే ఉంటాయి, అరుగుదల ఉండదు. అరిగేది సగం బ్రేక్ మీద పాకించినప్పుడు.

కాబట్టి ముందు బండికీ మీకూ మధ్య ఒకటిన్నర బండి పట్టేంత ఖాళీ రానివ్వండి. తర్వాత బ్రేక్ పూర్తిగా వదిలి, అవసరమైతే కొంచెం రేస్ ఇచ్చి, క్లచ్ పూర్తిగా పట్టేదాకా పోనిచ్చి, మళ్లీ గట్టిగా బ్రేక్ వేయండి. ఫ్లైఓవర్ ఎక్కేచోట ఆగితే రేస్ మీద బండిని నిలబెట్టొద్దు, ప్లేటుకి అంతకంటే చేటు ఇంకోటి లేదు. హిల్ అసిస్ట్ (వాలు మీద బండి వెనక్కి జారకుండా ఆపేది) పట్టుకునేది రెండు మూడు సెకన్లే, అంతకంటే ఎక్కువసేపు ఆగాలంటే బ్రేక్ మీద కాలో, హ్యాండ్‌బ్రేకో తప్పదు. పెద్ద సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేయండి.

వేడెక్కితే మీటర్ దగ్గరి స్క్రీన్ మీద హెచ్చరిక వస్తుంది. అప్పుడు పక్కకు తీసి, బ్రేక్ మీద కాలుంచి, "పి"లో పెట్టి, ఇంజిన్ ఆపకుండా కొన్ని నిమిషాలు నిలపాలి. చాలామంది కంగారులో ఇంజిన్ ఆపేస్తారు, అది తప్పు.

షెడ్డు_మాట

ఒకటిన్నర బండి ఖాళీ వదిలితే అందులోకి రెండు ఆటోలు, నాలుగు బైకులు దూరతాయి. మియాపూర్ నుంచి రాయదుర్గం దాకా రోజూ ఆ ఖాళీ కాపాడుకుంటూ వెళ్లడం సాధ్యమేనా? యంత్రం కోసం మనిషి నడిపే తీరు మార్చుకోవాల్సి వస్తే ఆ యంత్రం ఆ రోడ్డుకి సరిపడలేదనే అర్థం.

నాలుగో_గేరు

ట్రాఫిక్ సంగతి కాసేపు పక్కన పెట్టి ఈ ఇంజిన్ స్వభావం చూడండి, గేర్‌బాక్స్ ప్రశ్న దానికే ముడిపడి ఉంది.

6000 దగ్గర 120 పీఎస్ అంటే, లెక్క కడితే అక్కడ టార్క్ సుమారు 140 న్యూటన్ మీటర్లే. 4000 దగ్గర 172 ఉంది, అంటే అక్కడే 98 పీఎస్ వచ్చేసింది. తర్వాత 2000 ఆర్‌పీఎం అరిపించినా కలిసొచ్చేది 22 పీఎస్. బండి బలమంతా 2000 నుంచి 4500 మధ్యలో ఉంది. రెడ్‌లైన్ (ఇంజిన్ తట్టుకునే ఆర్‌పీఎం హద్దు) దాకా లాగి మార్చడం వల్ల చప్పుడు పెరుగుతుంది కానీ వేగం ఆ మేరకు పెరగదు. 5000 దాటగానే పై గేరు వేస్తే టార్క్ నిండుగా ఉన్నచోటే మళ్లీ అందుకుంటుంది.

కింది వైపు చూస్తే 1500 కంటే దిగితే ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఒత్తిడి ఉండదు, మిగిలేది ఒట్టి ఒక లీటరు ఇంజిన్. మాన్యువల్‌లో స్పీడ్ బ్రేకర్ దాటాక సోమరితనంతో థర్డ్‌లోనే ఉంచితే బండి మూలుగుతుంది. ఫిర్యాదుల్లో సగం ఇదే: "పికప్ లేదు". పికప్ ఉంది, గేరు తప్పు. డీసీటీలో ఆ తప్పు కంప్యూటర్ చేయనివ్వదు, ఏడు గేర్లు దగ్గర దగ్గరగా ఉండడంతో ఇంజిన్‌ని బలమున్న భాగంలోనే ఉంచుతుంది. ఈ ఇంజిన్‌కి డీసీటీ సరిగ్గా అతుకుతుందని నా అభిప్రాయం. పైగా ఎకో, నార్మల్, స్పోర్ట్ మోడ్‌లు డీసీటీకే ఇచ్చారు.

కొండవాగు

నాలుగో గేరు గారి లెక్కకి ఇంకో లెక్క కలుపుతాను, ఘాట్‌రోడ్డుది.

తిరుమల నుంచి తిరుపతికి దిగితే ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. కిందికొచ్చేలోపు బండి పోగొట్టుకోవాల్సిన శక్తి, గంటకు 100 కి.మీ. వేగం నుంచి దాదాపు 18 సార్లు పూర్తిగా బ్రేక్ వేసి ఆపినంత. ఇందులో బండి బరువు ఎంతన్నది అక్కర్లేదు, రెండు వైపులా కొట్టేస్తుంది. అదంతా బ్రేకుల మీదే పెడితే ప్యాడ్లు కాలిన వాసన రావడం ఖాయం. ఎన్ లైన్‌లో వెనక కూడా డిస్కులే ఉండడం ఇక్కడ నిజంగా పనికొచ్చే సంగతి. అయినా సగం పని ఇంజిన్‌తో చేయించాలి.

మాన్యువల్‌లో సెకండ్ వేసి వదిలేస్తే చాలు, అది అక్కడే ఉంటుంది. డీసీటీలో "డి"లో ఉండి పాడిల్ (స్టీరింగ్ వెనకుండే గేరు మీట) లాగి గేరు దించితే, కాసేపటికి అదే మళ్లీ ఆటోమేటిక్‌కి పోతుంది. లివర్‌ని మాన్యువల్ వైపు జరిపి అప్పుడు పాడిల్ వాడాలి. డీసీటీ కొన్నవాళ్లలో చాలామందికి ఈ తేడా తెలియదు.

శ్రీశైలం దారి వేరు. మన్ననూరు గేటు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అక్కడ జంతువుల కోసం మెల్లగానే పోవాలి, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు. అసలు మలుపులు ఈగలపెంట, దోమలపెంట దాటి కృష్ణా నది వైపు దిగేటప్పుడు, మళ్లీ సుండిపెంట వైపు ఎక్కేటప్పుడు. ఎక్కేటప్పుడు హెయిర్‌పిన్ మలుపులో ముందు లారీ ఉంటే వేగం 15 కి.మీ.కి పడిపోతుంది. సెకండ్‌లో ఆ వేగానికి టర్బో నిద్రలో ఉంటుంది. మాన్యువల్‌లో ఫస్ట్ వేయడానికి చాలామంది జంకుతారు, సెకండ్‌లోనే క్లచ్ జారిస్తూ లాగుతారు. అక్కడ కాలేది మాన్యువల్ క్లచ్చే. లారీ వెనకే అతుక్కుని పాకితే డీసీటీకీ అదే గతి. లారీని మలుపు దాటనిచ్చి, కింద ఆగి, ఒక్క ఊపులో ఎక్కడం రెంటికీ మంచిది.

మంజీర_తీరం

కొండవాగు గారూ, మలుపుల్లో బండి పట్టు ఎలా ఉంటుంది? "ఎన్" అని రాసి ఉంది కాబట్టి రేసు బండి అనుకోవచ్చా?

కొండవాగు

వద్దండి. అసలు ఐ20 ఎన్ యూరప్‌లో అమ్మిన బండి, 1.6 లీటర్ల టర్బో, 204 పీఎస్. అది మన దేశానికి రాలేదు. మనకొచ్చింది ఎన్ లైన్. మామూలు ఐ20 మీద సస్పెన్షన్ గట్టిపరిచి, స్టీరింగ్ బరువు పెంచి, సైలెన్సర్ చప్పుడు మార్చారు.

ఆ మార్పులు తక్కువేం కాదు. ఒకే మలుపుని మామూలు ఐ20తో, దీంతో దాటి చూస్తే తెలుస్తుంది. స్టీరింగ్ తిప్పాక ఒళ్లు ఒరిగి, తర్వాత టైర్లు పట్టుకోవడం కాకుండా, తిప్పిన వెంటనే ముక్కు లోపలికి తిరుగుతుంది. ఎస్ ఆకారపు మలుపులో ఎడమ నుంచి కుడికి బరువు మారేటప్పుడు వెనక భాగం ఊగిసలాడదు. కానీ మలుపు మధ్యలో రేస్ ఎక్కువ ఇస్తే ముందు చక్రాలు బయటికి జారతాయి, అన్ని ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండ్ల లాగే. రేస్ కొంచెం తగ్గిస్తే దారికొస్తుంది. మలుపుకి ముందే బ్రేక్, మలుపులో నిలకడ, మలుపు విప్పుకున్నాక రేస్.

గుంతల రోడ్డు మీద 40 లోపు వేగంలో వెనక సీటువాళ్లకి కుదుపు తెలుస్తుంది. పెద్దవాళ్లని ఎక్కించుకుని తిరిగే ఇంటికి ఇది గేర్‌బాక్స్ కంటే ముందు ఆలోచించాల్సిన విషయం.

రింగురోడ్డు

టైర్లు 195/55 ఆర్16. 205/55 వేస్తే బాగుంటుందని అడిగేవాళ్లు చాలామంది. చుట్టుకొలత దాదాపు 1.8 శాతం పెరుగుతుంది, అంటే గేరింగ్ ఆ మేరకు పొడుగవుతుంది, పికప్ తగ్గుతుంది. ముందు అదే సైజులో మంచి పట్టున్న టైరు వేసి చూడండి.

ఓఆర్‌ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) మీద మాన్యువల్‌కీ డీసీటీకీ తేడా పెద్దగా లేదు. మొదటి రెండు లేన్లలో పరిమితి 120, ఆ వేగంలో రెండూ పై గేరులో తాపీగా పోతాయి.

పాత_జీటీ

అందరూ మూడో దారి మర్చిపోయారు. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ చూడండి. 2013లో వచ్చినప్పుడు 1.2 లీటర్లు, 105 పీఎస్, 7 గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (వాళ్ల డీసీటీ పేరు). 2020లో 1.0 లీటరు, 110 పీఎస్‌కి మారినప్పుడు దాంతోపాటు గేర్‌బాక్స్ కూడా 6 గేర్ల టార్క్ కన్వర్టర్ (ఆయిల్ ద్వారా శక్తినందించే ఆటోమేటిక్) అయింది. టార్క్ కన్వర్టర్‌లో మెల్లగా పాకేటప్పుడు జారేది ఆయిల్, ప్లేటు కాదు. బంపర్‌కి బంపర్ తగిలే ట్రాఫిక్‌కి అదే సరైన యంత్రం. పోలో 2022లో ఆగిపోయింది కాబట్టి సెకండ్ హ్యాండే గతి, వెనక బ్రేకులు డ్రమ్ములు, సీట్లు ఇరుకు. అయినా ట్రాఫిక్‌లో నిశ్చింత కావాలంటే 2020 తర్వాతి ఆటోమేటిక్ వెతకడం నయం. కొత్త బండే కావాలి, మాన్యువలే కావాలంటే 2024 జూన్‌లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ రేసర్ ఇంకా అమ్ముతున్నారేమో చూడండి: 120 పీఎస్, 170 న్యూటన్ మీటర్లు, 6 గేర్లు.

నాలుగో_గేరు

ఆ ఆటోమేటిక్ పోలో గేరు మార్చడంలో డీసీటీ అంత చురుకు కాదు, అది కూడా చెప్పాలి. ఇంకో మాట. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి బలం పెంచడం) చేయించే ఆలోచన ఉంటే డీసీటీ వద్దే వద్దు. టార్క్ పెరిగితే ఆ భారమంతా మోసేది ఆ డ్రై ప్లేట్లే, వారంటీ కూడా పోతుంది.

మంజీర_తీరం

2021–23 మధ్య ఐ20 ఎన్ లైన్‌లో వచ్చిన ఐఎంటీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. క్లచ్ పెడల్ ఉండదు, గేర్ మాత్రం చేత్తో వేయాలి. అది ఎలా?

షెడ్డు_మాట

గేర్ లివర్ జరపబోగానే సెన్సార్ పసిగట్టి క్లచ్ తీస్తుంది. ఉండేది ఒకే క్లచ్, మాన్యువల్ గేర్‌బాక్సే. కాకపోతే మెల్లగా పాకేటప్పుడు క్లచ్ జారేది కంప్యూటర్ చేతిలోనే, అంటే ట్రాఫిక్‌లో డీసీటీకున్న ఇబ్బంది ఇక్కడా ఉంది, డీసీటీ వేగం మాత్రం లేదు. నేనైతే సిఫార్సు చేయను.

డీసీటీ వైపే మనసుంటే టెస్ట్ డ్రైవ్‌లో ఖాళీ రోడ్డు మీద స్పోర్ట్ మోడ్ చూసి మురిసిపోవద్దు. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి తీసుకెళ్లండి. నిటారు ర్యాంపు మీద రివర్స్‌లో, మెల్లగా, మధ్యలో ఒకసారి ఆపి మళ్లీ ఎక్కించండి. క్లచ్‌కి అంతకంటే కష్టమైన పని లేదు. వణుకు, కాలిన వాసన లేకుండా ఎక్కితే అప్పుడు మాట్లాడదాం.

రింగురోడ్డు

ఇది మాత్రం ఒప్పుకుంటాను. అదే ర్యాంపు మీద మాన్యువల్ కూడా నడిపి చూడండి, వాసన ఏ బండికి ముందు వస్తుందో ఇక్కడ రాయండి.